కమోడ్ కింద ఎనిమిది మిల్లీమీటర్లు: స్నానాలగది నేల పని డైరీ

ఏప్రిల్ 24

స్నానాలగదిలో కమోడ్ మీద కూర్చుంటే కుడివైపుకు ఒరుగుతోందని అమ్మ సంక్రాంతి నుంచి చెబుతూనే ఉన్నది. అడుగున పగిలిన చోట తెల్లసిమెంటు పూసి మూడుసార్లు కప్పిపుచ్చాను. మూడుసార్లూ నెల తిరక్కుండానే వెంట్రుకవాసి పగులు మళ్ళీ అక్కడే కనిపించింది. ఈసారి పగులుతోపాటు వాసన కూడా వస్తున్నందువల్ల గచ్చు మొత్తం తీయించి టైల్స్ వేయించాలనీ, కమోడ్‌ను తెల్లసిమెంటుతో కాక, నేలకు మరలతో బిగించే ఫ్లాంజ్ అనే పళ్ళెంతో బిగించాలనీ నిర్ణయించుకున్నాను. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, అందులోనూ మోకాళ్ళ నొప్పులతో ఉన్న మనిషి, కదిలే కమోడ్ మీద కూర్చోవడం నాకు సమ్మతం కాదు.

ఈ పనికి మా ప్రాంతంలో ఇదే సరైన సమయం. మాది అమలాపురానికీ అంబాజీపేటకూ మధ్య, కాలువగట్టుకు వంద గజాల దూరంలో ఉన్న ఊరు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు పారుతున్నంతకాలం మా పెరట్లో మూడడుగులు తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. మరమ్మతులకోసం కాలువలు కట్టేసిన ఈ కొద్ది వారాల్లోనే సెప్టిక్ ట్యాంకుకు వెళ్ళే గొట్టాన్ని బురదలో కాకుండా పొడి మట్టిలో చూసుకోగలుగుతాము. 1986 ఆగస్టు వరద చూసిన తర్వాత కట్టించిన ఇల్లు కాబట్టి మా నాన్నగారు పునాదిని నేలమీదికి మూడడుగులు లేపించి, లోపలంతా బుసకతో, అంటే వదులు ఇసుకమట్టితో, నింపించారు. ఆ ఎత్తు వల్ల మురుగు గొట్టానికి కావలసిన వాలు దొరుకుతుంది. ఆ బుసక వల్ల వచ్చిన చిక్కేమిటో రేపు గచ్చు పగలగొట్టాక తెలుస్తుంది.

ఏప్రిల్ 25

కమోడ్ తీయడానికే పూట పట్టింది. చుట్టూ ఉన్న తెల్లసిమెంటును సన్న ఉలితో చెక్కుతూ వెళ్ళినా, గొట్టంలో దిగిన భాగం చుట్టూ ఉన్న సిమెంటు మాత్రం పింగాణీని వదలలేదు. చివరకు కమోడ్ అడుగుభాగం రెండు ముక్కలైంది. ఎలాగూ కొత్తది వేయిస్తున్నాము కాబట్టి నష్టం లేదు గాని, కేవలం గొట్టం శుభ్రం చేయించడం కోసం తీయవలసివచ్చినా ఇదే జరిగి ఉండేది.

కమోడ్ లేపాక అసలు సంగతి బయటపడింది. ఇంటికి మొదట వేసిన గచ్చు మీద, తర్వాత ఎప్పుడో నీళ్ళు నిలుస్తున్నాయని, మరో 50 మిల్లీమీటర్ల గచ్చు పోశారు. నేల రెండంగుళాలు పైకి వచ్చింది. గొట్టం నోరు మాత్రం పాత మట్టంలోనే ఉండిపోయింది. కమోడ్ చివరకూ గొట్టం నోటికీ మధ్య మిగిలిన ఆ రెండంగుళాల సందును గోనెపట్టాతోనూ సిమెంటు ముద్దతోనూ నింపారు. పట్టా కుళ్ళిపోయింది, ముద్ద పగిలింది, ప్రతిసారీ వదిలిన నీటిలో కొంత ఆ సందులోంచి కిందికి దిగి బుసకను కొట్టుకుపోయింది. గునపం మొన పెట్టి చూస్తే గచ్చు కింద కుడివైపున అరచేయి పట్టేంత బొయ్య, అంటే బోలుగుంట, ఉన్నది. కమోడ్ ఆ వైపుకే ఒరగడంలో వింత ఏమీ లేదు.

కనుక ఈ పనిలో మొదట తేల్చవలసినది గొట్టం గురించి కాదు, కమోడ్ గురించీ కాదు. టైల్స్ అంతా పరచిన తర్వాత నేల పైభాగం కచ్చితంగా ఎక్కడ ఉంటుందో మిల్లీమీటర్లలో తేల్చాలి. మా ప్లంబరుకు ఈ వరస తలకిందులుగా తోచింది. "ముందు గొట్టం వేసేద్దామండీ, టైల్సు ఎలాగూ దాని చుట్టూ సరిపెట్టేస్తారు" అన్నాడు. పాతికేళ్ళు లెక్కలు చెప్పిన వాణ్ణి కావడం వల్ల, జవాబు తెలియకముందే కూడిక మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదని చెప్పాను. "సరేనండి మాస్టారూ, మీరు గీత గీయండి, నేను కోస్తాను" అని నవ్వేశాడు.

ఏప్రిల్ 26

ఈరోజు గచ్చు మొత్తం లేపించి చెత్త బయటికి మోయించాము. తర్వాత పారదర్శకమైన ట్యూబులో నీళ్ళు నింపి, హాలు గచ్చుకు సరిగ్గా మీటరు ఎత్తున స్నానాలగది నాలుగు గోడల మీదా మట్టపు గీత కొట్టాము. ఇకనుంచి ప్రతి కొలతా ఆ గీతనుంచి కిందికే. హాలు నేలను సున్నా అనుకున్నాను. గది కొలతలు ఏడడుగులకు అయిదడుగులు. నీళ్ళు పోయే నానీ ట్రాప్ కమోడ్‌కు ఎదురుమూలన ఉన్నది. కమోడ్ ఉండే చోట పూర్తయిన నేల సున్నాకు 15 మి.మీ. కిందా, ట్రాప్ దగ్గర 35 మి.మీ. కిందా ఉండాలని పెట్టుకున్నాను. రెంటికీ నడుమ దూరం 1.6 మీటర్లు కాబట్టి వాలు ఎనభైకి ఒకటి వస్తుంది. నీరు నిలవదు, అమ్మ కాలు జారదు, గుమ్మం దాటి నీళ్ళు హాల్లోకి రావు.

టైల్ మందం 9, అతికించే పదార్థం అయిదు, నీరు దిగకుండా వేసే పూత ఒకటి, వెరసి 15. కాబట్టి కమోడ్ చోట సిమెంటు పూత పైభాగం సున్నాకు 30 మి.మీ. కింద, దాని మందం 40 కాబట్టి కాంక్రీటు పైభాగం 70 కింద, కాంక్రీటు నాలుగంగుళాలు. ఈ లెక్కను బొగ్గుతో గోడమీద రాసిపెట్టాను. తాపీమేస్త్రి దాన్ని చూసి తల ఊపాడు గాని, సాయంత్రం దాకా దాని ముందు నిలబడి రెండుసార్లు కొలతటేపు పెట్టుకోవడం గమనించాను. నమ్మకం కుదరక కొలిచినా, నాకు కావలసింది అదే.

ఒక్క చిక్కు మిగిలింది. గది అంతా వాలుగా ఉంటే కమోడ్ అడుగు కూడా వాలు మీదే కూర్చుంటుంది. ఫ్లాంజ్‌కు అది అసలు సరిపడదు, ఎందుకంటే ఫ్లాంజ్ పళ్ళెం నాలుగు వైపులా టైల్‌కు ఆనాలి, దానిమీద నీరు కారకుండా ఆపే చుట్టు కమోడ్ అడుగుతో సమంగా నొక్కుకోవాలి. అందుకని కమోడ్ నిలిచేంత మేర, అంటే గోడనుంచి రెండున్నర అడుగుల పొడవూ అడుగున్నర వెడల్పూ, బల్లపరుపుగా ఉంచి వాలును దాని ముందునుంచే మొదలుపెట్టమన్నాను. అప్పుడు మిగిలిన దూరంలో వాలు కొంచెం ఎక్కువవుతుంది, అది మంచిదే.

ఏప్రిల్ 28

ఫ్లాంజ్ కోసం అమలాపురంలో మూడు దుకాణాలు తిరిగాను. మా వైపు కమోడ్‌ను గొట్టంలో దింపి, చుట్టూ తెల్లసిమెంటు కూరడమే ఆనవాయితీ. మహా అయితే రబ్బరు కాలరు వేస్తారు. ఫ్లాంజ్ అంటే ఏమిటో దుకాణంలో చెప్పవలసివచ్చింది. మెడ ఉన్న పళ్ళెం అనుకోండి. మెడ గొట్టంలో దిగుతుంది, లేదా గొట్టాన్ని కౌగిలించుకుంటుంది. పళ్ళెం నేలమీద కూర్చుని మరలతో కాంక్రీటుకు బిగుస్తుంది. పళ్ళేనికి రెండు వైపులా ఉన్న చీలికల్లోంచి టీ ఆకారపు బోల్టులు నిలువుగా పైకి వస్తాయి. కమోడ్ అడుగున ఉన్న రెండు రంధ్రాలు ఆ బోల్టుల మీద దిగుతాయి. కమోడ్‌కూ పళ్ళేనికీ మధ్య మైనపు చుట్టో, రబ్బరు చుట్టో నలిగి నీటినీ వాసననూ ఆపుతుంది. కమోడ్ బరువు నేల మీద, బిగింపు బోల్టుల మీద, నీరు ఆపే బాధ్యత చుట్టు మీద పడతాయి. తెల్లసిమెంటు పద్ధతిలో ఈ మూడు పనులూ ఆ పెళుసు ముద్ద ఒక్కదాని మీదే పడతాయి.

అందుకే కమోడ్ కొనేటప్పుడు కూడా అడుగున ఆరంగుళాల దూరంలో రెండు బోల్టు రంధ్రాలున్నదీ, నీళ్ళు నేలలోకి పోయేదీ, గోడనుంచి 12 అంగుళాల కొలతదీ అడిగి తీసుకున్నాను. ఎక్కువ కమోడ్లకు మరలు దిగే రంధ్రాలు పక్కలకు, గొట్టంతో సంబంధం లేని చోట ఉంటాయి. వాటికి ఈ ఫ్లాంజ్ పనికిరాదు. ఈ సంగతి చూసుకోకుండా ముందే కమోడ్ కొనేసిన వారు రబ్బరు కాలరుతో సరిపెట్టుకోవడమే మేలు.

ఇంటర్నెట్లో తెప్పించిన మొదటి ఫ్లాంజ్ వృథా అయింది. అది అమెరికా వారి నాలుగంగుళాల గొట్టానికి చేసినది. ఆ గొట్టం బయటి వ్యాసం 114.3 మి.మీ. మన దగ్గర నాలుగంగుళాల గొట్టమని పిలిచేది నిజానికి 110 మి.మీ. గొట్టం. గొట్టం మీద తొడిగితే గజ్జెకట్టిన కాలులా లోపల ఆడుతోంది. సందు ఎక్కువ ఉన్న చోట గమ్ పట్టదు, పట్టినట్టు కనిపిస్తుందంతే. దాన్ని వెనక్కి పంపి, గొట్టం లోపలికి దిగే రకాన్ని, మెడ చుట్టూ రబ్బరు వలయాలు ఉండి లోపల బిగుసుకునే రకాన్ని తెప్పిస్తున్నాను.

ఇక్కడ గొట్టం రకం కూడా చూసుకోవాలి. మురుగు గొట్టాలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 13592 ప్రకారం ఎ రకం వానకూ గాలికీ, బి రకం మలమూత్రాలకూ ఉద్దేశించినవి. 110 మి.మీ. కొలతలో బి రకం గోడమందం కనీసం 3.2 మి.మీ., ఎ రకానిది 2.2. నేల కింద పూడ్చేసేదానికి ఎ రకం వేయడమంటే, కొన్ని వందల రూపాయలు మిగుల్చుకొని గచ్చు మళ్ళీ పగలగొట్టుకోవడమే. బి రకంలో లోపలి వ్యాసం దాదాపు 103 మి.మీ. వస్తుంది, కొత్త ఫ్లాంజ్ మెడ దానికి సరిపోతుంది. మెడ లోపల దిగడం వల్ల దారి కొంచెం ఇరుకవుతుంది కదా అని ప్లంబరు అడిగిన ప్రశ్న సరైనదే. అయితే నీరు ఇరుకునుంచి వెడల్పులోకి పోతున్నది గాని వెడల్పునుంచి ఇరుకులోకి కాదు. కాబట్టి ఏదైనా తట్టుకునే అంచు ఎదురుపడదు. కమోడ్ లోపలి దారి ఎలాగూ ఆ మెడకన్నా సన్నన.

ఏప్రిల్ 30

బొయ్య పడిన చోట తడిసిన బుసకను తీసేసి, కొత్త బుసక అర అడుగు మందాన పోస్తూ, ప్రతి పొరనూ నీళ్ళతో తడిపి దిమ్మిసతో కొట్టించాము. ముప్పై ఏళ్ళకు పైగా కిందికి దిగుతూ వచ్చిన నేలను ఒక్క రోజులో గట్టిపరచాలనుకోవడం అత్యాశే గాని, గట్టిదనం మడమకింద కాకుండా దిమ్మిస శబ్దంలో తెలుస్తుందని మేస్త్రి చెప్పినది నిజమే: మొదట ధప్పుమన్నది, చివరకు టప్పుమన్నది.

మే 1

గొట్టం పని. బయటి చాంబరు దాకా 4.2 మీటర్లు, నలభైకి ఒకటి చొప్పున 105 మి.మీ. వాలు ఇచ్చాము. మరీ ఏటవాలు పెడితే నీళ్ళు ముందు పారిపోయి గట్టివి వెనక మిగులుతాయి, మరీ తక్కువ పెడితే రెండూ మిగులుతాయి. గాలి గొట్టం పైన కొత్త దోమతెర కట్టించాను. బోదకాలు వ్యాధికి పేరుపడ్డ ప్రాంతంలో, ఆ దోమలకు సెప్టిక్ ట్యాంకును ప్రసూతి ఆసుపత్రిగా ఇవ్వడం మంచిది కాదు.

ఈరోజు జరిగిన పొరపాటు నాదే. గొట్టం మధ్యబిందువు గోడనుంచి 305 మి.మీ. ఉండాలి, ప్లంబరు చేతికి 305 అని చీటీ రాసి ఇచ్చాను. ఆ గోడమీద టైల్స్ తీసేసి ఉన్నాయనీ, మళ్ళీ అతికినప్పుడు టైల్ 8, అతుకు 5, మొత్తం 13 మి.మీ. గోడ ముందుకు వస్తుందనీ రాయలేదు. అదృష్టవశాత్తు, గొట్టపు వంపు ముక్క (బెండు) అతికించకముందే కమోడ్ అడుగు ఆకారాన్ని అట్టమీద గీసి, కోసి, నేలమీద పెట్టి చూసే అలవాటు వల్ల బయటపడింది. కమోడ్ వెనక ఉండే నీళ్ళ ట్యాంకుకూ గోడకూ మధ్య ఉండవలసిన 15 మి.మీ. సందులో రెండే మిగులుతున్నాయి. గోడ కాస్త వంకర ఉన్నా ట్యాంకు తగులుకునేది. సున్నపు గోడనుంచి 318కి మార్చి, పక్కగోడనుంచి 400 ఉంచి, తూకంగుండు వేసి నిలువు చూసుకున్న తర్వాతే అతికించాము.

నిలువు గొట్టాన్ని నేల మట్టానికి కోయనివ్వలేదు. అర అడుగు పైకి ఉంచి, మూతి బిగించి, చాంబరు వైపు బిరడా పెట్టి, గొట్టం నిండా నీళ్ళు పోయించాను. నీటి మట్టం దగ్గర పెన్సిలు గీత గీశాను. రేపు ఇదే వేళకు చూడాలి.

మే 2

నీళ్ళు గీతమీదే ఉన్నాయి. కాంక్రీటు పోయించాము. మధ్యాహ్నం ఎండకు పైభాగం పాలిపోతున్నందున తడిపిన గోనెపట్టాలు కప్పించాను. ఇసుక విషయంలో మేస్త్రి చిటికెడు నాలుకమీద వేసుకుని, ఉమ్మేసి, "ఏటి ఇసకేనండి, ఉప్పు లేదు" అని తీర్పు ఇచ్చాడు. సముద్రం ఇరవై మైళ్ళ లోపు ఉన్న ఊళ్ళలో ఆ పరీక్ష అనవసరమని నేను అనలేను.

మే 10

వారం రోజులు తడి తగ్గకుండా చూసుకోవడం తప్ప చెప్పుకోదగ్గ పని లేదు. అమ్మ ఈ వారమంతా పక్కింటి పిన్నిగారి ఇంటికి వెళ్ళివస్తూ, "మీ నాన్న ఇల్లు కట్టడానికి కూడా ఇన్ని రోజులు పట్టలేదురా" అని రోజుకొకసారి గుర్తుచేస్తున్నది.

ఈరోజు కాంక్రీటు మీద సిమెంటు పైపూత పోశాము. మట్టపు గీతనుంచి కొలుచుకుంటూ, ముందుగా కమోడ్ చోట నాలుగు మూలలా సిమెంటు గుర్తులు వేసి, వాటిమీద బద్ద ఆనించి లాగించాను. రసమట్టం పెట్టి చూస్తే ఎడమనుంచి కుడికి బుడగ మధ్యలోనే ఉన్నది, వెనకనుంచి ముందుకు ఒక వెంట్రుకవాసి తేడా. అది టైల్ అతికేటప్పుడు సర్దుకోవచ్చు.

మే 15

నీరు దిగకుండా పూత రెండు చేతులు వేశాము, మొదటిది పొడవుగా, రెండోది అడ్డంగా. గోడమీద అడుగు ఎత్తుదాకా తెచ్చాము. గొట్టం చుట్టూ, ట్రాప్ చుట్టూ, గోడమూలల్లో గుడ్డపట్టీ అద్ది దానిమీద పూయించాను. చిల్లి పడితే అక్కడే పడుతుంది. గుమ్మానికి ఇటుక అడ్డుపెట్టి, ట్రాప్ మూసి, రెండంగుళాల నీరు రెండు రోజులు నిలిపాము.

మే 18

టైల్స్. అడుగుకు అడుగు, గరుకు పైభాగం ఉన్న విట్రిఫైడ్ టైల్స్ తీసుకున్నాను. ఇవి తమ బరువులో అర శాతానికి మించి నీరు పీల్చవు. నున్నటి టైల్స్ దుకాణంలో అందంగా ఉన్నాయి గాని, తడికాలితో నడిచే గదిలో అందం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మేస్త్రి గోడనుంచి నిండు టైల్‌తో మొదలుపెడతానన్నాడు. అలా చేస్తే గొట్టం ఒక టైల్ మధ్యలోనూ కాక, అతుకు మీదా కాక, టైల్ అంచుకు రెండు వేళ్ళ దూరంలో పడుతుంది. అంత సన్నటి పట్టీ కోసేటప్పుడో, మర దిగేటప్పుడో విరుగుతుంది. అందుకని వరసను జరిపి, గొట్టం మధ్యగీత రెండు టైల్స్ అతుకుమీద పడేలా చేశాము. ఒక్కొక్క టైల్‌లో అర్ధచంద్రం కోస్తే సరిపోయింది. గొట్టం 110 కాబట్టి రంధ్రాన్ని 120కే ఆపమని పట్టుబట్టాను. ఫ్లాంజ్ పళ్ళెం వ్యాసం 178 మి.మీ.; రంధ్రం 120 అయితే పళ్ళెం చుట్టూ 29 మి.మీ. టైల్‌మీద ఆనుతుంది. మేస్త్రి మామూలుగా కోసేంత పెద్ద రంధ్రం కోస్తే పళ్ళెం గాలిలో వేలాడేది, దాని మరలు టైల్‌ను కాక శూన్యాన్ని పట్టుకునేవి. కమోడ్ కింద కనిపించదు కదా అనే మాట ఈరోజు నాలుగుసార్లు విన్నాను. మొన్న కనిపించిన ఆ గోనెపట్టా కూడా కమోడ్ కింద కనిపించకుండా ఉన్నదేనని ఒకసారి మాత్రం జవాబిచ్చాను.

కమోడ్ కింద ఉండే టైల్స్‌కు అతికించే పదార్థం నిండుగా పట్టించాము. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి నొక్కే పద్ధతిలో మధ్య బోలుగా మిగులుతుంది. బోలు మీద బోల్టు బిగిస్తే టైల్ పగులుతుంది. అతికాక చెక్క సుత్తితో తట్టి శబ్దం విన్నాము. ఒక టైల్ బోలుగా పలికితే లేపి మళ్ళీ వేశాము.

మే 21

ఈరోజు ఫ్లాంజ్. పని గంటన్నరే గాని, ఇరవై ఏడు రోజులుగా చేసినదంతా ఈ గంటన్నరకే.

ముందు పైకి ఉన్న గొట్టాన్ని టైల్ మట్టానికి కోశాము. పెద్ద రంపం లోపలికి పట్టదు; హాక్సా బ్లేడు ఒక చివర గుడ్డచుట్టి పట్టుకుని, బ్లేడును టైల్‌కు ఆనించి, చుట్టూ తిరుగుతూ నిదానంగా కోశాను. టైల్ గీరుకోకుండా కాగితపు టేపు అంటించుకున్నాము. గొట్టంలో పొట్టు పడకుండా ముందే గుడ్డమూట దారంకట్టి దింపి, కోసిన తర్వాత పైకి లాగాను. దారం కట్టడం మరచిపోయేవారి కోసమే ఈ వాక్యం రాస్తున్నాను. కోసిన అంచును గరుకు కాగితంతో లోపలివైపు నున్నగా చేశాను. గొట్టానికీ టైల్‌కూ మధ్య అయిదు మిల్లీమీటర్ల సందును సిలికాన్‌తో నింపాము, సిమెంటుతో కాదు. గొట్టమూ నేలా ఎప్పుడైనా ఒక వెంట్రుకవాసి విడివిడిగా కదిలితే సిమెంటు పగులుతుంది, సిలికాన్ సాగుతుంది.

తర్వాత ఫ్లాంజ్‌ను పొడిగా దింపి, చీలికలు రెండూ వెనకగోడకు సమాంతరంగా వచ్చేలా తిప్పి, రెండు బోల్టులూ గోడనుంచి 305 మి.మీ. దూరంలో ఉన్నాయని చూసుకుని, మరల రంధ్రాల గుర్తులు పెట్టాను. విట్రిఫైడ్ టైల్‌కు వజ్రపు మొన ఉన్న బిట్ కావాలి. సుత్తిదెబ్బ ఆపేసి, తక్కువ వేగంతో, పక్కన ఒకరు నీళ్ళు చుక్కలుగా పోస్తూ ఉండగా ఆరు రంధ్రాలు వేశాము. టైల్ దాటిన తర్వాత కిందిభాగానికి మాత్రం మామూలు కాంక్రీటు బిట్ వాడాము. మర గొట్టం మధ్యనుంచి 75 మి.మీ. దూరంలో పడుతుంది, గొట్టం బయటి అంచు 55 దగ్గర ఉన్నది. మర బిగియడానికి రంధ్రంలో దించే ప్లాస్టిక్ ఫిషరు మందం పోగా నడుమ పదహారు మిగులుతాయి. డ్రిల్లు వంకరపోతే గొట్టానికే చిల్లి పడుతుంది కాబట్టి ప్రతి రంధ్రానికీ నిలువు చూడటానికి చిన్న మూలమట్టం పక్కన నిలబెట్టాము.

ప్రతి రంధ్రమూ కింద వేసిన నీటిపూతను తూట్లు పొడుస్తుంది. దుమ్ము ఊది, రంధ్రం నిండా సిలికాన్ ఎక్కించి, అప్పుడు ఫిషరు దించి, స్టెయిన్‌లెస్ మర బిగిస్తే ఆ తూటు తానే మూసుకుంటుంది. మామూలు ఇనుప మరలు మా ఉప్పుగాలికి ఎంతకాలం నిలుస్తాయో వంటింటి కిటికీ బందులు చూస్తే తెలుస్తుంది. మెడకు ఉన్న రబ్బరుకు సబ్బునీళ్ళు రాసి, ఫ్లాంజ్‌ను దింపి, మరలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాను.

పళ్ళెం అడుగు టైల్‌కు అంటుకుని ఉన్నది. పళ్ళెం పైభాగం టైల్‌కన్నా 8 మి.మీ. ఎత్తున ఉన్నది. పైపూత మట్టానికే ఫ్లాంజ్ బిగించి తర్వాత టైల్స్ వేసి ఉంటే, అదే పళ్ళెం పైభాగం టైల్‌కన్నా 7 మి.మీ. లోతున ఉండేది. అప్పుడు ఒక చుట్టు మీద మరో చుట్టు పెట్టి ఎత్తు పెంచవలసివచ్చేది. అలా కూడా నడుస్తుంది గాని, పాత కమోడ్ కింది గోనెపట్టా చేసిన పనినే అది కొంచెం మర్యాదగా చేస్తుంది.

మే 22

కమోడ్ దింపాము. మైనపు చుట్టు కాకుండా దళసరి రబ్బరు చుట్టు ఎంచుకున్నాను. మైనం మంచిదే, కాని ఒకసారి నలిగాక మళ్ళీ లేవదు. కమోడ్ కూర్చోబెట్టేటప్పుడు ఒకసారి లేపి మళ్ళీ పెట్టవలసివస్తే ఆ చుట్టు పారేయాలి. మొదటిసారి చేసేవాళ్ళం మేము ముగ్గురం, నాకు మా ముగ్గురి చేతుల మీదా అంత నమ్మకం లేదు. అన్నట్టే మొదటిసారి ఎడమ బోల్టు రంధ్రంలోకి రాక పక్కకు పడిపోయింది. లేపి, రెండు బోల్టులనూ నిలువుగా పట్టి ఉంచడానికి ప్లాస్టిక్ వాషర్లు తొడిగి, మళ్ళీ దింపితే నేరుగా కూర్చున్నది.

ఇద్దరు పట్టుకుని కదపకుండా నిట్టనిలువుగా కిందికి నొక్కారు. పింగాణీ టైల్‌కు తగిలిన తర్వాతే నట్లు పెట్టాము. ఎడమ పావుచుట్టు, కుడి పావుచుట్టు, రసమట్టం, మళ్ళీ ఎడమ. కమోడ్ కదలడం ఆగగానే ఆపాలి. ఇంకొంచెం గట్టిగా బిగిద్దామనే కోరికే పింగాణీని పగలగొడుతుంది. ముందువైపు ఒక మూల కాగితం దూరేంత సందు ఉంటే పలచటి ప్లాస్టిక్ చీలిక దోపి, పైకి ఉన్న ముక్క కోసేశాము. బోల్టుల మిగులు కోసి మూతలు పెట్టాము.

ట్యాంకులో అమ్మ బట్టలకు వేసే నీలిమందు కలిపి పది పన్నెండుసార్లు వదిలాము. అడుగుచుట్టూ పరచిన తెల్ల కాగితంమీద నీలం మరక పడలేదు. ప్లంబరు వంగి, చేత్తో కమోడ్‌ను అటూ ఇటూ తోసి చూసి, "తెల్లసిమెంటు లేకపోయినా గట్టిగానే ఉందండోయ్" అన్నాడు. తనకు ఇంకో ఇంట్లో ఇదే పని ఉందట, మిగిలిన వజ్రపు బిట్ అడిగి పట్టుకెళ్ళాడు.

మే 24

అడుగుచుట్టూ సిలికాన్ గీశాను, వెనకవైపు ఆరంగుళాలు వదిలేసి. నాలుగు వైపులా మూసేస్తే లోపల కారినా బయటికి తెలియదు. పాత కమోడ్ విషయంలో జరిగింది అదే. బుసక అంతా కొట్టుకుపోయేదాకా నీటిచుక్క కంటికి కనిపించలేదు. వెనక వదిలిన ఆ సందులో చిన్న కాగితపు ముక్క మడిచి దోపి ఉంచాను.

జూన్ 19

కాలువలకు నీళ్ళు వదిలి పక్షం దాటింది. పెరట్లో గుంటలో నీరు అడుగున్నర లోతుకే వచ్చింది. చాంబరు మూత తీసి చూస్తే నీరు వెనక్కి తన్నడం లేదు. కమోడ్ అంచుమీద రసమట్టం పెట్టాను. బుడగ మే 22న ఎక్కడ ఉన్నదో అక్కడే ఉన్నది. వెనక దోపిన కాగితం తీసి చూశాను, పొడిగా ఉన్నది. దాన్నే మళ్ళీ మడిచి అక్కడే పెట్టాను.